సబ్ ఊఫరుకు వైరు కలిపే ముందు

పక్క వీధిలో పెళ్లి పందిరి వేశారు. అక్కడ పెద్ద పెద్ద స్పీకర్లలో పాట మోగుతోంది. మీరు తలుపులూ కిటికీలూ మూసుకుని లోపలి గదిలో చదువుకుంటున్నారు. పాటలో మాటలు మీకు వినబడవు. పాడుతున్నది ఆడగొంతో మగగొంతో కూడా తెలియదు. ధన్ ధన్ మనే మోత మాత్రం గోడలు దాటి మీదాకా వస్తుంది. ఇప్పుడు అదే పాటను సెల్‌ఫోనులో పెట్టి వినండి. మాటలన్నీ స్పష్టంగా వినిపిస్తాయి, మోత మాత్రం ఉండదు. ఒకచోట మోత తప్ప ఏమీ లేదు, ఇంకొకచోట మోత తప్ప అన్నీ ఉన్నాయి. ఎందుకిలా?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే, ఇంట్లో ఉన్న ఆంప్లిఫయరుకు చిన్న స్పీకర్లనూ సబ్ ఊఫరునూ ఎలా కలపాలో సగం తెలిసినట్లే. మిగతా సగం మీ భౌతికశాస్త్ర పాఠంలోని ఓమ్ నియమం. వైర్లు ఎలా దూర్చినా మోగడమైతే మోగవచ్చు. కాని పని సరిగా పంచకుండా కలిపితే ధ్వని పాడవుతుంది. ఒక్కొక్కసారి ఆంప్లిఫయరే కాలిపోతుంది.

స్పీకరు ఎలా పలుకుతుంది?

స్పీకరు వెనక గుండ్రని అయస్కాంతం ఉంటుంది. దాని సందులో సన్నని తీగచుట్ట వేలాడుతూ ఉంటుంది. ఆ చుట్ట కాగితంతోనో ప్లాస్టిక్కుతోనో చేసిన శంకువుకు అంటించి ఉంటుంది. ఆంప్లిఫయరు నుంచి వచ్చే ఏకాంతర విద్యుత్తు చుట్టలో ప్రవహించినప్పుడు చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది. దానితోపాటు శంకువూ కదిలి గాలిని నెడుతుంది, లాగుతుంది. అదే మనం వినే ధ్వని. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఈ పద్ధతిలో పనిచేసే స్పీకరును వివరించారు. ఇప్పటికీ మన ఇళ్లలోని స్పీకర్లలో ఎక్కువ భాగం ఇలాంటివే.

మన చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. గాలిలో ధ్వనివేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుందని మీకు తెలుసు. భాగించి చూడండి. 20 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం 17 మీటర్లు, అంటే బస్సుకన్నా పొడవు. 20,000 హెర్ట్జ్ ధ్వనిది 1.7 సెంటీమీటర్లే. ఇంత తేడా ఉన్న రెండింటినీ ఒకే శంకువు సమానంగా పలకాలంటే ఎలా?

మంద్రానికి గాలి ఎక్కువ కావాలి

సంగీతంలో కింది స్థాయిని మంద్రం అంటారు. దానిని పలికించడమే కష్టం. ఒకే బిగ్గరతనంతో ధ్వని రావాలంటే, పౌనఃపున్యం సగమైనప్పుడల్లా స్పీకరు కదిలించే గాలి నాలుగు రెట్లు కావాలి. 400 హెర్ట్జ్ దగ్గర శంకువు 0.1 మిల్లీమీటరు కదిలితే సరిపోయిందనుకుందాం. అప్పుడు 200 దగ్గర 0.4, 100 దగ్గర 1.6, 50 దగ్గర 6.4 మిల్లీమీటర్లు కదలాలి. 10 సెంటీమీటర్ల చిన్న స్పీకరు అంత దూరం కదలలేదు. బలవంతపెడితే చుట్ట అయస్కాంతం సందులోంచి బయటికి వస్తుంది, ధ్వని గరగరమంటుంది, చివరికి శంకువు అంచు చిరుగుతుంది.

దీనికి ఉపాయం వైశాల్యం పెంచడమే. 25 సెంటీమీటర్ల స్పీకరు వ్యాసం రెండున్నర రెట్లు ఎక్కువ. కాబట్టి వైశాల్యం 6.25 రెట్లు. చిన్నది 6.4 మిల్లీమీటర్లు కదలవలసిన చోట పెద్దది సుమారు 1 మిల్లీమీటరు కదిలితే చాలు. సెల్‌ఫోనులోని స్పీకరు వేలిగోరంత ఉంటుంది. దానిలో మోత ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది కదా!

అయితే అన్నిటికీ పెద్ద స్పీకరే వాడరాదా? వాడకూడదు. పెద్ద శంకువు బరువైనది. సెకనుకు పదివేలసార్లు ఊగమంటే ఊగలేదు. అందుకే మంద్రం పని సబ్ ఊఫరుకు, మిగతా పని చిన్న స్పీకర్లకు పంచుతారు.

ఒక్కటి చాలా?

చిన్న స్పీకర్లు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి పెడతాం. సబ్ ఊఫరు మాత్రం ఒక్కటే సరిపోతుంది. ధ్వని ఎటునుంచి వస్తోందో మెదడు గుర్తించేది రెండు చెవులకూ చేరే ధ్వనుల తేడాను బట్టి. చెవుల మధ్య దూరం తక్కువ కాబట్టి ధ్వని ఒక చెవికి, ఆ తరువాత రెండో చెవికి చేరే కాలంలో తేడా సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. 50 హెర్ట్జ్ ధ్వనికి ఒక్క కంపనం పూర్తి కావడానికే సెకనులో 50వ వంతు పడుతుంది. అంత పెద్ద అలలో అంత చిన్న తేడాను పోల్చుకోవడం కష్టం. పైగా అంత పొడవైన తరంగానికి మన తల అడ్డే కాదు. అందుకే సుమారు 80 హెర్ట్జ్‌కు దిగువ ధ్వని ఏ మూలనుంచి వస్తోందో గదిలో మనకు తెలియదు.

సినిమా ధ్వనికి 5.1 అని రాయడం చూసి ఉంటారు. పూర్తి పరిధిలో పలికే మార్గాలు అయిదు, మంద్రానికి మాత్రమే పనికివచ్చే మార్గం ఒకటి. దానికి పూర్తి పరిధి లేదు కాబట్టే దానిని .1 గా రాస్తారు.

కలపడం ఎలా?

ముందుగా ఆంప్లిఫయరు స్విచ్చి ఆపి, ప్లగ్గు కూడా గోడనుంచి తీసెయ్యండి. తరువాత మీ సబ్ ఊఫరు ఏ రకమో చూడండి.

మొదటి రకానికి లోపలే సొంత ఆంప్లిఫయరు ఉంటుంది. దానికి విడిగా ప్లగ్గు ఉండడమే గుర్తు. పెద్ద ఆంప్లిఫయరు వెనక 'సబ్ ఔట్' అని రాసిన రంధ్రం నుంచి ఒక్క పిన్ను వైరు దీనికి తెస్తే చాలు. చిన్న స్పీకర్లను మామూలుగా కుడి, ఎడమ టెర్మినళ్లకు కలపాలి. సబ్ ఊఫరు మీద ఒక మరచుట్టు ఉంటుంది. ఎంత పౌనఃపున్యం వరకు అది పలకాలో దానితో నిర్ణయిస్తాం. మొదట 80 దగ్గర పెట్టి వినండి. చిన్న స్పీకర్లు మరీ చిన్నవైతే 120 దాకా పెంచవలసి రావచ్చు. మరీ పెంచితే మనుషుల గొంతులు కూడా మూలనున్న పెట్టెలోంచి వస్తున్నట్లు తోస్తుంది.

రెండో రకానికి సొంత ఆంప్లిఫయరు ఉండదు. ఆంప్లిఫయరు నుంచి వైర్లు ముందు దీనికి వస్తాయి, దీనినుంచి చిన్న స్పీకర్లకు పోతాయి. పెట్టె లోపల తీగచుట్టలూ కెపాసిటర్లూ ఉంటాయి. తీగచుట్ట త్వరత్వరగా మారే విద్యుత్తును అడ్డుకుంటుంది, నెమ్మదిగా మారేదానిని పోనిస్తుంది. కెపాసిటరుది దీనికి సరిగ్గా ఎదురు స్వభావం. కాబట్టి చుట్ట దాటి మంద్రం పెద్ద శంకువుకు, కెపాసిటర్ దాటి మిగతా స్వరాలు చిన్న స్పీకర్లకు చేరతాయి. కాలువ నీటిని తూములతో వేర్వేరు మళ్లకు పంచినట్లు ఇక్కడ స్వరాలను పంచుతారు.

ఈ పంపకం ఏమీ లేకుండా, ఎక్కడో దొరికిన పెద్ద స్పీకరును తెచ్చి చిన్న స్పీకరు ఉన్న టెర్మినళ్లకే తగిలించడం చాలామంది చేసే పని. దానివల్ల ఏమవుతుందో లెక్క వేద్దాం.

ఓమ్ నియమం చెప్పే హెచ్చరిక

స్పీకరు వెనక 8 ఓమ్‌లు అనో 4 ఓమ్‌లు అనో రాసి ఉంటుంది. ఏకాంతర విద్యుత్తుకు అది కలిగించే అడ్డంకి అది. పౌనఃపున్యంతోపాటు ఇది మారుతూ ఉన్నా, లెక్కకోసం మారదనే అనుకుందాం. ఆంప్లిఫయరు 8 వోల్టులు ఇస్తోంది. 8 ఓమ్‌ల స్పీకరు ఒకటి కలిపితే ప్రవాహం 1 ఆంపియరు, సామర్థ్యం 8 వాట్లు. అదే టెర్మినళ్లకు మరో 8 ఓమ్‌ల స్పీకరును సమాంతరంగా కలిపితే మొత్తం నిరోధం 4 ఓమ్‌లకు పడిపోతుంది. ప్రవాహం 2 ఆంపియర్లు అవుతుంది. మూడోది కూడా తగిలిస్తే 3 ఆంపియర్లు.

స్పీకర్లు పెరిగితే నిరోధం పెరుగుతుందనుకుంటారు కొందరు. సమాంతర సంధానంలో అది తగ్గుతుందని మరిచిపోకండి. ప్రవాహం రెండు రెట్లయితే ఒక నిరోధంలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది, మూడు రెట్లయితే తొమ్మిది రెట్లు. ఆంప్లిఫయరు లోపలి ట్రాన్సిస్టర్లు ఆ వేడికి తట్టుకోలేవు. అందుకే దాని వెనక కనీసం ఎన్ని ఓమ్‌లు ఉండాలో అచ్చువేస్తారు. 8 అని ఉంటే 8కి తగ్గకూడదు. వైరు కొసల్లో విడిపోయిన పోగులు ఒకదానికొకటి తగిలితే నిరోధం దాదాపు సున్నా అవుతుంది. కాబట్టి పోగులను బాగా మెలిపెట్టి బిగించండి. అన్నీ సరిచూసుకున్నాకే ప్లగ్గు పెట్టండి. శబ్దం సున్నానుంచి మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ఆంప్లిఫయరు మూత మాత్రం ఎన్నడూ తెరవకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

ఎరుపూ నలుపూ

టెర్మినళ్లకు ఎరుపు, నలుపు రంగులుంటాయి. ఎరుపును ఎరుపుకే, నలుపును నలుపుకే కలపాలి. ఒక స్పీకరుకు తిరగవేస్తే, ఒకటి గాలిని నెడుతున్నప్పుడు రెండోది లాగుతుంది. రెండు అలలూ ఒకదానినొకటి రద్దుచేసుకుంటాయి. దీనినే వినాశక వ్యతికరణం అంటారు. మంద్రంలో ఈ నష్టం ఎక్కువ.

రంగు చెరిగిపోతే ఒక చిన్న పరీక్ష చేయండి. స్పీకరును ఆంప్లిఫయరు నుంచి పూర్తిగా విడదీసి, 1.5 వోల్టుల టార్చి సెల్లును దాని టెర్మినళ్లకు ఒక్క క్షణం తాకించండి. శంకువు బయటికి కదిలితే సెల్లు ధనధ్రువం తాకినదే ఎర్ర టెర్మినలు. సబ్ ఊఫరు మీద 0, 180 అని రాసిన స్విచ్చి ఉంటే, పాట పెట్టి రెండువైపులా మార్చి చూడండి. ఎటు ఉన్నప్పుడు మోత నిండుగా వినిపిస్తే అటే ఉంచండి.

ఎక్కడ పెట్టాలి?

3.4 మీటర్ల పొడవున్న గదిని తీసుకోండి. 6.8 మీటర్ల తరంగంలో సగం అందులో సరిగ్గా ఇముడుతుంది. ఆ తరంగం పౌనఃపున్యం 50 హెర్ట్జ్. ఎదురెదురు గోడల మధ్య అది స్థిరతరంగమై నిలుస్తుంది. గోడల దగ్గర ఆ స్వరం బిగ్గరగానూ, గది నడిమధ్య చాలా మెల్లగానూ వినిపిస్తుంది. కాబట్టి మోత తక్కువైందని వెంటనే మరచుట్టు తిప్పకండి. సబ్ ఊఫరును మీరు కూర్చునే చోట పెట్టి, పాట పెట్టి, మీరు గోడల వెంబడి వంగి నడవండి. మోత ఎక్కడ హెచ్చుతగ్గులు లేకుండా వినిపిస్తుందో సబ్ ఊఫరును అక్కడికి మార్చండి. ఒక చోటినుంచి మరో చోటికి ధ్వని ఎలా చేరుతుందో, తిరుగుదారిలోనూ అలాగే చేరుతుంది.

గోడ అవతలివారు

ఇక మొదటి ప్రశ్నలో రెండో సగం మిగిలింది. గోడ తగిలిన అలను ఆపాలంటే, అల దానిని కదిలించలేకపోవాలి. సెకనుకు వేలసార్లు అటూ ఇటూ నెడితే బరువైన గోడ దాదాపు కదలదు. సెకనుకు 50 సార్లు నెమ్మదిగా నెడితే రవ్వంత కదులుతుంది. ఆ రవ్వంత కదలికే అవతలి గదిలో మోతగా వినిపిస్తుంది. అందుకే మాటలు గోడ ఇవతలే ఆగిపోతాయి, మోత మాత్రం దాటిపోతుంది.

మీ గదిలో నిండుగా, హాయిగా ఉన్న మంద్రం పక్కింట్లో మాటలూ రాగమూ లేని వట్టి దెబ్బలుగా మారుతుంది. అక్కడ పరీక్షకు చదివే విద్యార్థి ఉండవచ్చు, నిద్రపట్టని వృద్ధులు ఉండవచ్చు. మన దేశంలో 2000 సంవత్సరంలో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు నివాస ప్రాంతాల్లో ధ్వని పరిమితి 45 డెసిబెళ్లు. నియమం మాట అటుంచి, మీరే పరీక్షించుకోండి. పాట పెట్టి, తలుపు మూసి, బయట నిలబడి వినండి. బయటికి మోత ఒక్కటే వస్తుంటే సబ్ ఊఫరును ఉమ్మడి గోడకు దూరంగా జరపండి, కింద దళసరి రబ్బరు వేయండి, శబ్దం తగ్గించండి.

లెక్క కట్టండి

1. మీ గది పొడవు కొలవండి. అందులో సగం తరంగం సరిగ్గా ఇమిడే స్వరం పౌనఃపున్యం ఎంత?

2. ఒక స్పీకరు 300 హెర్ట్జ్ స్వరాన్ని పలుకుతోంది. అంతే బిగ్గరగా 75 హెర్ట్జ్ స్వరాన్ని పలకాలంటే ఎన్ని రెట్ల గాలిని కదిలించాలి?

3. ఆంప్లిఫయరు వెనక 'కనీసం 4 ఓమ్‌లు' అని ఉంది. 8 ఓమ్‌ల స్పీకర్లను ఒకే టెర్మినళ్లకు సమాంతరంగా ఎన్ని కలపవచ్చు?

జవాబులు రాసి మీ సైన్సు మాస్టారికి చూపించండి. మూడో లెక్క సరిగా చేసినవారు ఇంట్లో వైర్లు కలిపేటప్పుడు పెద్దలకు ధైర్యంగా సాయం చేయవచ్చు.