విద్యుత్ మోడల్ విమానానికి మోటారు, ప్రొపెల్లర్ ఎంపిక

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (ఫిజిక్స్)

ఇంజనీరింగ్, డిప్లొమా చదువుతున్న మన హాస్టల్ తమ్ముళ్లు ప్రాజెక్టుల సమయం రాగానే ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, మోడల్ విమానం చేస్తున్నాం. ఏ మోటారు కొనాలి?" ఈ ప్రశ్నకు నేరుగా జవాబు లేదు. మన ఊళ్లలో బోరు వేసిన రైతు ముందుగా మోటారు కొనుక్కొచ్చి, తర్వాత నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో చూడడు కదా. లోతు ఎంత, నీళ్లు ఎంత అని చూసుకుని, దాన్నిబట్టి హార్స్‌పవర్, దాన్నిబట్టి స్టార్టరు, కేబుల్ తెచ్చుకుంటాడు. విమానానికి కూడా అదే వరుస. బరువు, వాట్లు, ప్రొపెల్లర్, మోటారు, చివరికి స్టార్టరు లాంటి ఈఎస్‌సీ. ఈఎస్‌సీ అంటే బ్యాటరీ కరెంటును మోటారు వేగానికి తగినట్లు మార్చి ఇచ్చే చిన్న సర్క్యూట్. మోటారు, ఈఎస్‌సీ, బ్యాటరీ మూడూ కలిపితే సుమారు రెండున్నర వేల రూపాయల దాకా అవుతాయి. హాస్టల్‌లో ఉండి చదివేవాడికి అది చిన్న మొత్తం కాదు. ఒకటి కాలిపోతే రెండోది కొనే స్తోమత మనలో చాలామందికి ఉండదు. అందుకే కొనకముందే కాగితం మీద లెక్క వేయాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సన్‌బోర్డుతో చేసిన శిక్షణ విమానం. రెక్కల పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు. బ్యాటరీతో సహా మొత్తం బరువు 900 గ్రాములు. నేర్చుకునేవారి విమానానికి కిలో బరువుకు సుమారు 150 వాట్లు ఇస్తే నేల మీది నుంచి హాయిగా లేస్తుంది. పల్టీలు కొట్టించాలంటే 200 వాట్లు దాటాలి, మనకు ఇప్పుడు అది వద్దు. 0.9 ను 150తో గుణిస్తే 135 వాట్లు. మూడు సెల్లుల లైపో బ్యాటరీ పేరుకు 11.1 వోల్టులైనా లోడు పడితే 10.5 వోల్టుల దగ్గరికి దిగుతుంది. 135ను 10.5తో భాగిస్తే దాదాపు 13 ఆంపియర్లు. ఈ అంకెను నోట్‌బుక్‌లో పెద్దగా రాసుకోండి, చివరి దాకా దీనితోనే పని.

ఇప్పుడు ప్రొపెల్లర్. దాని మీద 10×4.5 అని రాసి ఉంటే మొదటి అంకె వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లోనే. పిచ్ అంటే, స్క్రూ చెక్కలోకి దిగినట్లు, ఒక చుట్టుకు ఆ రెక్క గాలిలో ఎంత ముందుకు పోవాలో చెప్పే దూరం. వ్యాసం పెద్దదైతే లాగే బలం ఎక్కువ, పిచ్ ఎక్కువైతే వేగం ఎక్కువ. కానీ ఈ రెండింటి భారం సమానం కాదు. చుట్ల సంఖ్య మారకపోతే ప్రొపెల్లర్ తినే శక్తి వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, పిచ్‌కు మాత్రం మామూలు నిష్పత్తిలోనే. 10 అంగుళాలది తీసి 11 అంగుళాలది వేశామనుకోండి. 1.1ని నాలుగుసార్లు గుణిస్తే 1.46. ఒక్క అంగుళానికి 46 శాతం అదనపు భారం! నిజానికి మోటారు కొంచెం నెమ్మదించి ఈ అంకె కాస్త తగ్గుతుంది గానీ, కాలిపోవడానికి అది చాలు. "షాపులో పది లేదు, పదకొండు ఇచ్చారు" అని సర్దుకోవడం ఇక్కడ కుదరదు. బ్యాటరీ సంగతి ఇంకా తీవ్రం. అదే ప్రొపెల్లర్‌తో మూడు సెల్లుల బదులు నాలుగు సెల్లులు పెడితే శక్తి వేగానికి మూడో ఘాతంలో పెరిగి రెట్టింపు దాటిపోతుంది.

మోటారు మీద ఏ2212, 1000 కేవీ అని ఉంటుంది. కేవీ అంటే కిలోవోల్టు అనుకునేవాళ్లు ఎమ్మెస్సీలో కూడా ఉన్నారు! లోడు లేనప్పుడు ఒక్క వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె అది. 22, 12 అనేవి లోపలి స్టేటరు వ్యాసం, ఎత్తు మిల్లీమీటర్లలో. కేవీ ఎక్కువైతే బలం ఎక్కువ అనుకోకండి. కేవీ ఎక్కువైన మోటారుకు చిన్న ప్రొపెల్లర్, తక్కువైనదానికి పెద్దది, అంతే. మోటారు బలం దాని బరువులో ఉంటుంది. గ్రాముకు మూడు వాట్లు అనుకుంటే, సుమారు 50 గ్రాముల ఏ2212 మోటారుకు 150 వాట్లు. మనకు కావలసింది 135 కాబట్టి సరిపోతుంది. అయితే దీని కాగితంలో 12 ఆంపియర్లు, 60 సెకన్లు అని ఉంటుంది. అంటే పూర్తి థ్రాటిల్ ఎగిరేటప్పుడు మాత్రమే, ఆ తర్వాత సగానికి తగ్గించాలి. ఈఎస్‌సీ 20 ఆంపియర్లది చాలు అంటారు గానీ మన ఎండలకు 30ది తీసుకోవడమే మేలు. ధరలో తేడా పెద్దగా ఉండదు. మోటారు వెనక్కి తిరిగితే కంగారు వద్దు. త్రీఫేజ్ బోరు మోటారుకు రెండు ఫేజులు మార్చినట్లే, మూడు వైర్లలో ఏ రెండైనా మార్చి కలిపితే సరి.

ఈ మోటారుకు అందరూ చెప్పే జత 10×4.5. నేను మాత్రం మన కర్నూలు, కడప ప్రాంతాలకు 9×6 మేలంటాను. కారణం గాలి. 10.5 వోల్టుల వద్ద లోడుతో ఈ మోటారు నిమిషానికి దాదాపు 8000 చుట్లు తిరుగుతుందనుకుందాం. 4.5 అంగుళాల పిచ్‌తో గంటకు 55 కిలోమీటర్లు వస్తుంది. విమానం అసలు వేగం అంతకంటే తక్కువే ఉంటుంది. మన ఉదాహరణ విమానం గాలిలో నిలబడాలంటే కనీసం 28 కిలోమీటర్ల వేగం కావాలి. గాలి లేని ఉదయం పూట ఇది నడుస్తుంది. కానీ ఆషాఢంలో మన మెట్టల మీద గాలి ఎలా వీస్తుందో మీకు తెలుసు. కర్నూలు, అనంతపురం జిల్లాల కొండల మీద అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. గంటకు పాతిక కిలోమీటర్ల ఎదురుగాలిలో ఆ విమానం ఒకేచోట వేలాడుతున్నట్లు కనిపిస్తుంది, తిరిగి మన దగ్గరికి రావడం కష్టం. 6 అంగుళాల పిచ్‌తో అదే లెక్క 73 కిలోమీటర్లు వస్తుంది. భారం చూస్తే 10×4.5తో పోలిస్తే ఎనిమిదో వంతు తక్కువ. నేల మీద లాగే బలం కొంత తగ్గుతుంది, కాబట్టి చేత్తో విసిరేటప్పుడు గట్టిగా విసరాలి. ఇంకో కారణం కూడా ఉంది. 10 అంగుళాల పల్చటి స్లో ఫ్లయర్ రెక్కలు వేగానికి తట్టుకోవు. ఏపీసీ సంస్థ వాటికి పెట్టిన హద్దు 65,000ను వ్యాసంతో భాగించాలి, అంటే 6500 చుట్లు. మన మోటారు 8000 తిప్పుతుంది.

ఎండ సంగతి కూడా లెక్కలోకి రావాలి. పుస్తకాల్లో గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.225 కిలోలు అని ఉంటుంది. అది సముద్ర మట్టంలో 15 డిగ్రీల దగ్గర. కర్నూలు సముద్ర మట్టానికి 270 మీటర్లకు పైగా ఉంది. మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం ఆదర్శ వాయు సమీకరణం వేసి చూస్తే సుమారు 1.08 వస్తుంది. అంటే 12 శాతం పలచన. అన్నే చుట్లు తిరిగినా లాగే బలం అంత తగ్గుతుంది. అలాగని మే నెల కరెంటు రీడింగు చూసి మురిసిపోయి పెద్ద ప్రొపెల్లర్ వేయవద్దు, డిసెంబరు ఉదయం అదే ప్రొపెల్లర్ ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. లైపో బ్యాటరీని ఎండలో ఉన్న బ్యాగులో పెట్టకండి, పూర్తి చార్జితో రోజుల తరబడి గదిలో ఉంచకండి. వాడనప్పుడు సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి.

ఎక్కడ ఎగరేయాలన్నది కూడా ముందే చూసుకోవాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్లలోపు అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ఓర్వకల్లులో 2021లో విమానాశ్రయం ప్రారంభమైంది, కడపలోనూ ఒకటుంది. కర్నూలులో డీఆర్‌డీఓ పరీక్షా క్షేత్రం కూడా ఉంది. 2025 జూలైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని అక్కడే పరీక్షించారు. డిజిటల్ స్కై వెబ్‌సైటులోని మ్యాపు చూసి, కాలేజీలో చెప్పి వెళ్లండి.

ఎగరేసే ముందు ఒక్క పరీక్ష. విమానాన్ని బల్లకు గట్టిగా కట్టి, బ్యాటరీకీ ఈఎస్‌సీకీ మధ్య వాట్ మీటరు పెట్టి, ప్రొపెల్లర్ తిరిగే తలంలో ఎవరూ నిలబడకుండా చూసుకుని, అయిదు సెకన్లు పూర్తి థ్రాటిల్ ఇవ్వండి. కాలేజీ ల్యాబులో మీటరు లేకపోతే నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. రీడింగు 13 లోపల ఉంటే మోటారును ముట్టుకుని చూడండి, చెయ్యి ఆనించి ఉంచగలిగితే బయలుదేరవచ్చు. 13 దాటితే 9×6 తీసి 8×6 వేసి మళ్లీ మీటరు చూడండి.