వడదెబ్బ

తెలుగులో ‘వడ’ అంటే వేడి. వడగాలి, వడపిందె అన్న మాటలలో ఉన్నది ఆ వడయే. ఈ వ్యాధిని ‘దెబ్బ’ అనడంలో మన పూర్వులు చూపిన సూక్ష్మదృష్టి గమనింపదగినది. జ్వరం వస్తున్నట్లు రోగికి తెలుస్తుంది. దెబ్బ తగిలాకనే తెలుస్తుంది. వడదెబ్బ తిన్నవానికి ఆ తెలివి కూడా మిగలదు.

ఓరుగల్లు ప్రాంతంలో ఎండలు ముదిరే వేళకే చెరువులు ఎండుతాయి. పొలం పనులూ తగ్గుతాయి. పూడిక తీయడానికి అదే అదను. 2006 ఫిబ్రవరిలో గ్రామీణ ఉపాధి హామీ పథకం ఆరంభమైనపుడు తొలివిడత జిల్లాలలో వరంగల్ ఒకటి. పలుగు, పార, తట్ట పట్టుకొని కూలీలు వేసవిలో చెరువు గర్భంలోకి దిగారు. అక్కడ చెట్టు నీడ ఉండదు. కూలి తవ్విన మట్టి కొలతను బట్టి ముట్టేది. పార దించి నీడకు పోయినవాడు తన కూలినే కాక జట్టు కూలిని కూడా తగ్గించినవాడయ్యేవాడు. ఎనుమాముల మార్కెట్టుకు మిరప బస్తాలు వచ్చేదీ ఎండలలోనే. బస్తాకింత అని మోసే హమాలీ స్థితీ ఇంతే. మన ప్రబంధకవులు గ్రీష్మవర్ణనలో చలివేంద్రాలను, చందనపు పూతలను తలచారు గాని, తట్ట మోసేవాడు ఆ పద్యాలలో అరుదు.

శరీరోష్ణం సాధారణంగా 37 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలుస్తుంది. శ్రమించే కండరాలలో పుట్టిన వేడిని రక్తం చర్మానికి చేరుస్తుంది. చెమట ఆరుతూ ఆ వేడిని తీసుకొనిపోతుంది. చెమట కారితే చాలదు, ఆరాలి. గాలిలో తేమ హెచ్చితే అది ఆరదు. నీరు, ఉప్పు తరిగినకొద్దీ పిక్కలు పట్టేస్తాయి, తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. ఇంతవరకు ఇది అలసటయే. నీడ, ఉప్పు వేసిన మజ్జిగ, విశ్రాంతి లభిస్తే చాలామంది తేరుకుంటారు.

ఉష్ణం 40 డిగ్రీలు దాటితే మెదడు దెబ్బతింటుంది. మాట తడబడుతుంది. అడుగు తూలుతుంది. కారణం లేకుండా కోపం వస్తుంది. కూర్చోమంటే, “నాకేం కాలే” అని తిరిగి పార అందుకుంటాడు. తోటివారు తాగి వచ్చాడనుకొని నవ్వుకుంటారు. ప్రాణం నిలిపే నిమిషాలు ఆ నవ్వులో గడచిపోతాయి. “అన్నా, ఇయ్యాల ఏం వారమే?” అని అడిగి చూడాలి. పొంతన లేని జవాబు వస్తే ఇక ఆలస్యం కూడదు. చెమట ఆగితేనే వడదెబ్బ అనుకోవడం పొరపాటు. పనిచేస్తూ కూలినవాని ఒళ్లు తడిసి ఉండవచ్చు.

అతనిని నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరాలి. మంచుగడ్డలు దొరికితే మెడ వద్ద, చంకలలో, గజ్జలలో ఉంచాలి. ఒకరు 108కు ఫోన్ చేస్తుండగా మరొకరు నీళ్లు పోస్తూనే ఉండాలి. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి పోగలదు. జ్వరం మాత్ర ఇక్కడ పనిచేయదు. అరికాళ్లకు ఉల్లిరసం రాయడం పల్లెలలో ఉన్న అలవాటు. దానివల్ల ఒళ్లు చల్లబడదు, కాలం మాత్రం కరుగుతుంది.

2015 మే నెలలో దేశమంతటా వీచిన వడగాలులకు సుమారు 2,500 మంది మరణించారు. వారిలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాలవారే. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుని కుటుంబానికిచ్చే సహాయాన్ని 50 వేల రూపాయల నుండి 4 లక్షలకు పెంచింది. అయితే ఆ మరణం ఎండ వల్లనే జరిగిందని తేలాలి. పాముకాటుకు గాటు ఉంటుంది. ఎండకు అటువంటి గుర్తు లేదు. చల్లబడిన దేహం తన వేడిని చెప్పదు. ఆ మనిషి ఎంతసేపు ఎండలో ఉన్నాడో, చివరకు ఎలా మాట్లాడాడో పక్కన పార పట్టినవాడే చెప్పాలి.