గణితసారసంగ్రహమున ఒక హారసంఖ్య : 12345654321

రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్ష నృపతుంగుని కాలమున, క్రీ.శ. 9వ శతాబ్దియందు, మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమున కొన్ని విచిత్రమగు లబ్ధములు గలవు. కంఠహారమువలె అవి ఏ కొసనుండి చూచినను ఒకటే. 1912లో మద్రాసున ఎం. రంగాచార్యులవారి ఆంగ్లానువాదముతో ఈ గ్రంథము ముద్రితమైనది. ఈ లబ్ధములలో మిక్కిలి పరిశీలింపదగినది 12345654321. అనగా 1234 కోట్ల 56 లక్షల 54 వేల 321. ఆచార్యుడు దీనిని అంకెలు పేర్కొని గాక, ఒకటి మొదలు ఆరువరకు పెరిగి క్రమముగా తగ్గునదని ఆకృతినిబట్టి చెప్పెను.

ఈ సంఖ్య 111111 యొక్క వర్గము. ఆరు ఒకట్లను ఆరు వరుసలుగా, వరుసకొక స్థానము చొప్పున ఎడమకు జరిపి వ్రాసి కూడినచో, ఒక్కొక్క స్థానమున పడు ఒకట్ల సంఖ్యయే ఆ స్థానపు అంకె యగును. ఈ సొగసు తొమ్మిది ఒకట్లవరకే. పది ఒకట్ల వర్గమున స్థానము నిండి అంకె ఎడమకు పొర్లును, ఫలితము 1234567900987654321.

ఇక ఆచార్యుడు చూపిన గుణకారము 27994681 × 441. ఈ రెండంకములు యాదృచ్ఛికముగ దొరకినవి కావు. 111111 యొక్క ప్రధాన కారణాంకములు 3, 7, 11, 13, 37. వానిలో 3, 7ల లబ్ధమగు 21 యొక్క వర్గము 441. మిగిలిన మూడింటి లబ్ధము 5291. దాని వర్గము 27994681. అనగా గుణ్యము, గుణకము రెండును వర్గములే. ఫలమును ముందుగా నెంచుకొని, దానిని విభజించియే ఈ లెక్కను కట్టియుండునని తలచుట సమంజసము.

ఈ కూర్పు పాఠపరిష్కర్తకు ఎంతో ఉపకరించును. అంకములు ఎడమకు నడచునను సంప్రదాయము తెలియని లేఖకుడు 27994681ని తారుమారుగా 18649972 అని గ్రహించెననుకొందము. 441తో గుణించిన 8224637652 వచ్చును, హారము తెగిపోవును. భూతసంఖ్యలలో సముద్రశబ్దము సాధారణముగ నాలుగునకు, కొన్నియెడల ఏడునకు వాడబడును. అట్టి పదమొకటి ఇచట నాలుగు స్థానమున నుండగా ఏడని లెక్కించినచో గుణ్యము 27997681 యగును, లబ్ధము 12346977321. తప్పు వెంటనే బయటపడును. ఫలసంఖ్యకు మాత్రము ఈ దిగ్భ్రమయే లేదు, వామగతిని చదివినను అది మారదు గనుక!

ఈ గ్రంథమును తెనుగు పద్యములలోనికి తెచ్చిన పావులూరి మల్లన వంటి కవులకు యతిప్రాసల నిర్బంధము అదనము. ఛందస్సుకై ఒక సంఖ్యాపదము మారి మరొకటి వచ్చుచుండును. ప్రతులలో పాఠభేదము కనిపించినచోట వ్యాకరణముతో, ఛందస్సుతో సరిపెట్టుకొనుట మన పరిష్కర్తల అలవాటు. ఆ రెండును 4కును 7కును సమానముగ ఒప్పుకొనవచ్చును. గుణకారము ఒప్పుకొనదు.