యువజనులు - ఎయిడ్స్ నివారణ

1986లో నాటి మద్రాసు వైద్య కళాశాలలో డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని నిర్మల కొందరు స్త్రీల రక్త నమూనాలను సేకరించి వెల్లూరుకు పంపారు. వాటిలో ఆరింటిలో హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలింది. భారతదేశంలో ఈ వైరస్ ఉనికి బయటపడింది అప్పుడే. ఇది పరదేశాల వ్యాధి అనీ, మన ఆచారాలే మనకు రక్ష అనీ అంతవరకు పలువురు భావించారు. ఆ భ్రమ అంతటితో తొలగింది.

హెచ్.ఐ.వి. ప్రధానంగా నాలుగు మార్గాల్లో వ్యాపిస్తుంది: రక్షణలేని లైంగిక సంపర్కం, వైరస్ ఉన్న రక్తాన్ని ఎక్కించడం, ఒకరు వాడిన సూదిని మరొకరు వాడడం, తల్లి నుంచి బిడ్డకు సోకడం. కరచాలనం వల్ల గాని, సహపంక్తి భోజనం వల్ల గాని, దోమకాటు వల్ల గాని ఇది సోకదు.

1989-90 ప్రాంతంలో మణిపూర్‌లో మత్తుమందులను సూదితో ఎక్కించుకొనే యువకులలో ఈ వైరస్ వేగంగా ప్రబలింది. 1989లోనే గోవాలో రక్తదాత అయిన డొమినిక్ డిసౌజా అనే యువకుణ్ణి, హెచ్.ఐ.వి. ఉన్నదన్న ఒకే కారణంతో నిర్బంధించి, రెండు నెలలకు పైగా ఒంటరిగా ఉంచారు. మొదటి ఉదంతం అజ్ఞానం వల్ల కలిగే హానిని తెలుపుతుంది. రెండవది భయం వల్ల జరిగే అన్యాయాన్ని తెలుపుతుంది. శిక్షకు జడిసిన వాడు పరీక్షకు ముందుకు రాడు. పరీక్షకు రానివాని వల్ల తెలియకుండానే వైరస్ ఇతరులకు చేరుతుంది.

కౌమారంలో సందేహాలు కలగడం సహజం. పెద్దలు మౌనం వహిస్తే, వాటికి సమాధానాలు అరకొర తెలిసిన స్నేహితుల నుంచి లభిస్తాయి. తొందరపడి సంబంధాలకు దిగకుండా నిగ్రహం పాటించడం, దాంపత్యంలో పరస్పర విశ్వాసం, సంపర్కంలో నిరోధ్ సక్రమంగా వాడడం, సూదులను పంచుకోకపోవడం - ఇవి నివారణ మార్గాలు.

వైరస్ సోకిన వెంటనే పరీక్షలో బయటపడకపోవచ్చు. అందుకు కొన్ని వారాల నుంచి మూడు నెలల వరకు పట్టవచ్చు. అందుచేత సందేహం ఉన్నవారు వైద్యుల సలహాపై పరీక్షను మరల చేయించుకోవాలి. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచిత చికిత్సను ప్రారంభించింది. క్రమం తప్పక మందులు వాడి, రక్తంలో వైరస్‌ను పరీక్షకు అందనంతగా తగ్గించుకొన్నవారి నుంచి లైంగికంగా అది ఇతరులకు సోకదు. 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన చట్టం, ఈ వ్యాధిగ్రస్తుల పట్ల విద్యలోను, ఉద్యోగంలోను వివక్షను నిషేధించింది. 1097 నంబరుకు ఫోను చేసి ఉచితంగా సలహా పొందవచ్చు.

వైరస్‌కు భాషాభేదం లేదు, రాష్ట్రాల ఎల్లలు లేవు. దానిని ఎదుర్కొనే విజ్ఞానానికి, సానుభూతికి కూడ ఎల్లలు ఉండరాదు.