ఖరగ్‌పూర్ జేగురు నేల: పుట్టుక, గుణాలు, గట్టిపడే తీరు

ఖరగ్‌పూర్‌లో 'ట్రాఫిక్' అంటే వాహనాల రద్దీ కాదు, ఒక రైల్వే కాలనీ పేరు. పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణానికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడ్డాయి. అందుకే ఇక్కడి వీధుల్లో బెంగాలీ, హిందీలతో పాటు తెలుగూ వినిపిస్తుంది. ఆ కుటుంబాలకు ఎర్రమట్టి కొత్త కాదు. సొంత ఊళ్లో కూడా చూసిందే. అయితే రంగు ఒకటే అయినా ఖరగ్‌పూర్ కింద ఉన్న నేల వేరు. దాన్ని భూగోళ శాస్త్రంలో లాటరైట్ నేల అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో జేగురు నేల అనే పేరు కూడా కనిపిస్తుంది.

వేసవిలో ఇక్కడ గునపం దిగదు. వానాకాలంలో అదే నేల మీద ఎర్ర నీళ్లు పారతాయి. ఎండితే గట్టిపడటం, తడిస్తే మెత్తబడటం చాలా నేలలకు ఉన్న గుణమే. కానీ జేగురు నేలలోని ఒక పొర గట్టిపడితే మళ్లీ ఎన్ని వానలు కురిసినా మెత్తబడదు. ఈ నేల మీద వ్యవసాయం, అడవి, తాగునీరు చాలావరకు ఈ ఒక్క గుణం మీదే ఆధారపడి ఉన్నాయి.

పీఠభూమికీ డెల్టాకీ మధ్య

హౌరా నుంచి ఖరగ్‌పూర్ వచ్చే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే నేల మారడం కంటికే తెలుస్తుంది. ముందు చదునైన వరి పొలాలు, చెరువులు, బూడిద రంగు ఒండ్రుమట్టి కనిపిస్తాయి. ఖరగ్‌పూర్ దగ్గరపడే కొద్దీ నేల కాస్త ఎత్తవుతుంది, కోసిన గట్ల అంచులు ఎర్రబడతాయి.

ఈ పట్టణం రెండు పెద్ద భూభాగాల సరిహద్దులో ఉంది. పడమర వైపు ఛోటానాగ్‌పూర్ పీఠభూమి, అక్కడ చాలా పురాతనమైన గట్టి శిలలు. తూర్పు వైపు గంగా డెల్టా, అక్కడ నదులు ఇటీవలి కాలంలో తెచ్చి పోసిన ఒండ్రు. ఈ రెంటి మధ్య అలలు అలలుగా లేచి పడే మెట్ట ప్రాంతంలో లాటరైట్ పరుచుకుని ఉంది. బెంగాలీలు ఈ ప్రాంతాన్ని రాఢ్ అంటారు. ఖరగ్‌పూర్‌కు, మేదినీపూర్‌కు మధ్య పారే కంసావతి నది ఈ మెట్టను కోసుకుంటూ తూర్పుకు వెళ్తుంది. స్థానికులు ఆ నదిని కసాయి అని పిలుస్తారు.

వరద అందని ఎత్తు, భారం మోయగల గట్టిదనం ఉన్న నేల రైలు కట్టలకూ పెద్ద షెడ్లకూ అనుకూలం. 1951లో హిజ్లీలో మొదలైన దేశపు మొదటి ఐఐటీ కూడా ఈ నేల మీదే ఉంది.

'ఇటుక' అని పేరు ఎందుకు వచ్చింది?

1800–01లో దక్షిణ భారతదేశంలో పర్యటించిన ఫ్రాన్సిస్ బుకానన్ మలబారులోని అంగాడిపురం దగ్గర ఒక వింత చూశాడు. అక్కడి వాళ్లు భూమిలోంచి మెత్తటి పదార్థాన్ని ఇనుప పనిముట్లతో దిమ్మెలుగా కోస్తున్నారు. గాలి తగిలాక అవి ఇటుకల్లా గట్టిపడుతున్నాయి. లాటిన్‌లో 'లేటర్' అంటే ఇటుక. 1807లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన దీనికి లాటరైట్ అని పేరు పెట్టాడు. ఆ చోటును భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది.

కేరళలో ఇప్పటికీ ఈ రాయిని 'వెట్టుకల్లు' అంటారు. అంటే కోసిన రాయి అని అర్థం. ఖరగ్‌పూర్ పరిసరాల్లోనూ ఇలాంటి నిర్మాణం ఉంది. కేశియారి దగ్గర గగనేశ్వర్‌లోని కురుంబెరా కోటను లాటరైట్ దిమ్మెలతోనే కట్టారు. శతాబ్దాల వానలు కురిసినా ఆ దిమ్మెలు మట్టిగా మారలేదు. గట్టిపడిన లాటరైట్ వెనక్కి మళ్లదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

వాన ఏం తీసుకుపోతుంది? ఏం వదిలిపెడుతుంది?

లాటరైట్ ఏర్పడాలంటే వేడి, దండిగా వాన, వానాకాలం తర్వాత స్పష్టమైన ఎండాకాలం, చాలా దీర్ఘమైన సమయం కావాలి. ఖరగ్‌పూర్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది.

నేలలోకి ఇంకే వాననీరు స్వల్పంగా ఆమ్లగుణం కలిగి ఉంటుంది. అది ఖనిజాల్లోని కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సోడియంలను ముందుగా కరిగించి కిందికి తీసుకుపోతుంది. తర్వాత సిలికా కూడా నెమ్మదిగా కరిగిపోతుంది. కరగడానికి మొండికేసే ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మాత్రం మిగులుతాయి. వాటితో పాటు కయోలినైట్ అనే బంకమట్టి ఖనిజం, ఇసుక రేణువులు ఉంటాయి. టీ ఆకును మళ్లీ మళ్లీ మరిగించి వడకడితే చివరికి పిప్పి మిగిలినట్టే, వేల లక్షల ఏళ్ల వానలు వడకట్టగా మిగిలిన పిప్పి లాటరైట్.

ఇనుము పూర్తిగా కదలకుండా ఉండదు. వానాకాలంలో భూగర్భ జలం పైకి వచ్చినప్పుడు నేలలో ఆక్సిజన్ తగ్గుతుంది. అప్పుడు ఇనుము కరిగే రూపంలోకి మారి నీటితో పాటు కొద్ది దూరం జరుగుతుంది. ఎండాకాలంలో నీరు దిగిపోయి గాలి చేరగానే మళ్లీ తుప్పులా పేరుకుంటుంది. ఏటా ఇలా జరిగే కొద్దీ ఇనుము కొన్ని చోట్ల మచ్చలుగా, గుండ్రని గులకలుగా, చివరికి గట్టి పెంకుగా తయారవుతుంది.

ఎరుపు రంగు కూడా ఈ తుప్పు వల్లే. హెమటైట్ అనే ఇనుప ఆక్సైడ్ నీలం, ఆకుపచ్చ కాంతిని పీల్చుకుని ఎరుపును తిప్పి పంపుతుంది. నీటి అంశం కలిసిన గోథైట్ పసుపు, గోధుమ రంగుల్లో కనిపిస్తుంది. గోథైట్‌ను సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తే నీరు పోయి హెమటైట్ అవుతుంది. పసుపు మట్టితో చేసిన కుండ ఆవంలో కాలాక ఎర్రబడటానికి కారణం ఇదే.

ఖరగ్‌పూర్ పరిసరాల లాటరైట్‌లో చాలా భాగం ఉన్నచోటే శిల కుళ్లి తయారైంది కాదు. పడమటి ఎత్తుల నుంచి కొట్టుకొచ్చిన లాటరైట్ ముక్కలు, ఇసుక, గులకలు ఇక్కడ చేరి, వాటిని ఇనుము మళ్లీ అతికించింది. దీన్ని ద్వితీయ లాటరైట్ అంటారు.

రెండు రకాల గట్టిదనం

కొత్తగా తవ్విన లోతైన గొయ్యి గోడను చూస్తే పొరలు వరుసగా కనిపిస్తాయి. పైన పలుచటి ఇసుక పాలు ఎక్కువైన ఎర్రమట్టి. దాని కింద బఠాణీ గింజలంత గులకలు. రోడ్లకు వేసే మొరం ఇదే, కోస్తాలో దీన్ని గ్రావెల్ అంటారు. దాని కింద గట్టి పెంకు. ఇంకా కిందికి ఎరుపు, పసుపు, తెలుపు మచ్చలున్న మెత్తని పొర. ఆ దిగువన పాలిపోయిన బంకమట్టి.

పై మట్టి ఎండాకాలంలో గట్టిపడటానికి కారణం మామూలుదే. నీరు ఆవిరైతే బంకమట్టి రేణువులు దగ్గరకు జరిగి పట్టుకుంటాయి. మళ్లీ తడిస్తే విడిపోతాయి. మచ్చల పొర సంగతి అలా కాదు. దాని మీద ఉన్న మట్టి కొట్టుకుపోయి గాలి, ఎండ నేరుగా తగిలితే, మళ్లీ మళ్లీ తడిసి ఎండే క్రమంలో అందులోని ఇనుప ఆక్సైడ్లు స్ఫటికాలుగా మారి ఒకదానికొకటి అల్లుకుపోతాయి. ఆ అల్లిక నీటికి విడిపోదు. ఇలా గట్టిపడే పదార్థాన్ని మృత్తికా శాస్త్రంలో ప్లింథైట్ అంటారు. గ్రీకులో 'ప్లింథోస్' అన్నా ఇటుకే.

అంటే పైనున్న పలుచటి మట్టి కేవలం పంటకు ఆధారం కాదు, కింది పొర రాయిగా మారకుండా కాపాడే దుప్పటి కూడా. ఆ దుప్పటి పోతే ఒక మనిషి జీవితకాలంలో తిరిగి రాదు.

పంటకు ఎందుకు కష్టం?

నేల మొక్కకు ఆహారాన్ని దాచి ఇవ్వాలంటే దాని రేణువుల మీద రుణావేశం ఉండాలి. ఆ ఆవేశం కాల్షియం, పొటాషియం వంటి ధనావేశ అయాన్లను పట్టి ఉంచుతుంది. నల్లరేగడిలో ఉండే మాంట్‌మొరిల్లొనైట్ ఖనిజం కిలోకు సుమారు 80 నుంచి 120 సెంటీమోల్‌ల ఆవేశాన్ని పట్టగలదు. కయోలినైట్ పట్టేది 3 నుంచి 15 మాత్రమే. కాబట్టి జేగురు నేలలో వేసిన ఎరువు త్వరగా జారిపోతుంది.

భాస్వరం విషయంలో ఇబ్బంది దీనికి తిరగబడి ఉంటుంది. ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు దాన్ని వేళ్లకు అందనంత గట్టిగా పట్టేసుకుంటాయి. నేల ఆమ్లగుణం ఈ పట్టును ఇంకా పెంచుతుంది. అందుకే ఇలాంటి నేలలకు సున్నం, పశువుల ఎరువు, పచ్చిరొట్ట అవసరం. ఐఐటీ ఖరగ్‌పూర్‌లోని వ్యవసాయ ఇంజినీరింగ్ విభాగం దశాబ్దాలుగా ఈ ఆమ్ల లాటరైట్ నేల మీదే వరి, వేరుశనగ వంటి పంటలతో ప్రయోగాలు చేస్తోంది. బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిదను సేంద్రియ ఎరువులతో కలిపి వాడి చూడటం వాటిలో ఒకటి.

నీటి సమస్యా ఇలాంటిదే. ఇసుక, గులకలు నీటిని నిలుపుకోవు. పెంకు దగ్గరగా ఉంటే వేళ్లు లోతుకు దిగవు. రాళ్లలోని రంధ్రాల్లో చేరిన నీటితో వానల తర్వాత బావులు నిండినా, వేసవికి చాలా వరకు అడుగంటుతాయి.

ఈ కష్టాన్ని రాఢ్ రైతులు పేర్లలోనే పెట్టుకున్నారు. అన్నిటికంటే ఎత్తున ఉండే బీడు 'టాంఢ్'. వాలు మీది మెట్ట మడి 'బాయిద్'. నడిమి మడి 'కానాలి'. లోయ అడుగున మట్టి, నీరు చేరే మంచి పొలం 'బహాల్'. పైనుంచి కొట్టుకొచ్చిన సారమే బహాల్‌కు బలం. ఒకే ఊళ్లో, కొన్ని వందల మీటర్ల దూరంలో ఈ నాలుగూ ఉంటాయి. ఇక్కడ నేల గుణం తెలియాలంటే మట్టిని చూస్తే చాలదు, అది వాలులో ఎక్కడుందో కూడా చూడాలి.

గన్‌గని, అరాబరి: రెండు పాఠాలు

ఖరగ్‌పూర్ నుంచి బాంకురా వెళ్లే రైలు మార్గంలో, మేదినీపూర్ దాటాక ఈ నేల రెండు ముఖాలూ కనిపిస్తాయి.

గడ్‌బేతా దగ్గర శిలావతి నది ఒడ్డున గన్‌గని ఉంది. అక్కడ లాటరైట్ మెట్ట నిలువు గోడలుగా, గుహలుగా, లోతైన వాగులుగా తెగిపోయింది. భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడే అని స్థానికుల కథ. శాస్త్రం చెప్పే కథ వేరు. పైన గట్టి పెంకు ఉన్నా దాని కింది మెత్తని పొరను వాన, నది తొలుస్తాయి. ఆధారం పోయిన పెంకు విరిగి పడుతుంది. వాగు ఒక్కో వానాకాలానికీ వెనక్కి జరుగుతూ మెట్టను తింటుంది. చూడటానికి వచ్చేవారికి అది అందం, ఆ అంచున పొలం ఉన్నవారికి నష్టం.

అదే ప్రాంతంలోని అరాబరిలో ఇంకోటి జరిగింది. వంటచెరకు కోసం నరికివేతతో సాల అడవి అక్కడ మోళ్లుగా మిగిలింది. సాల వృక్షాన్ని ఉత్తరాంధ్రలో గుగ్గిలం చెట్టు అంటారు. 1971–72లో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ 11 గ్రామాలకు చెందిన 618 కుటుంబాలతో ఒప్పందానికి వచ్చారు. వాళ్లు 1,272 హెక్టార్ల అడవిని కాపాడతారు. బదులుగా పని, ఆకులు, గింజలు వంటి అటవీ ఉత్పత్తులు, చివరికి కలప అమ్మకంలో 25 శాతం వాటా వాళ్లకు దక్కుతాయి.

కొత్తగా నాటాల్సిన అవసరం పెద్దగా రాలేదు. మోళ్ల కింద సజీవంగా ఉన్న వేళ్ల నుంచే సాల చెట్లు మళ్లీ చిగురించాయి. ఆకు రాలి నేలను కప్పింది, వాన చినుకు దెబ్బ నేరుగా మట్టికి తగలలేదు. 1990లో దేశవ్యాప్తంగా వచ్చిన ఉమ్మడి అటవీ యాజమాన్య విధానానికి ఈ ప్రయోగం ఒక పునాది అయింది. పెంకు మీద దుప్పటి పూర్తిగా పోకముందే కాపాడటం వల్లే అది సాధ్యమైంది.

పొలాల్లోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. వాలుకు అడ్డంగా గట్లు వేయడం, మడి విస్తీర్ణంలో సుమారు 5 శాతంలో చిన్న గుంట తవ్వి వాననీటిని పట్టడం, మెట్ట మీద జీడిమామిడి వంటి చెట్లు పెంచడం వంటివి మట్టిని ఉన్నచోటే ఆపుతాయి. పలాస ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలకు ఇలాంటి నేలలో జీడిమామిడి బాగా వస్తుందని వేరే చెప్పనక్కర్లేదు.

ఎర్రగా ఉన్నదంతా లాటరైట్ కాదు

విశాఖపట్నం, భీమిలి మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలు ఎర్రగా ఉన్నా లాటరైట్ కాదు. అవి తీరంలో పేరుకున్న ఇసుక. రేణువుల మీద పలుచగా ఇనుప ఆక్సైడ్ పూత పడటంతో ఆ రంగు వచ్చింది. తెలంగాణ, రాయలసీమల్లోని చల్కా, ఎర్ర నేలలు గ్రానైట్ వంటి శిలలు కుళ్లి ఏర్పడ్డవి. వాటిలో సిలికా ఇంత తీవ్రంగా కరిగిపోలేదు. అసలైన లాటరైట్ చూడాలంటే అనంతగిరి, గాలికొండ వంటి తూర్పు కనుమల శిఖరాలకు వెళ్లాలి. అక్కడ ఖొండలైట్ శిలల మీద ఏర్పడిన పొరలో అల్యూమినియం పాలు ఎక్కువ కాబట్టి దాన్ని బాక్సైట్ అంటాం.

విద్యార్థులు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. ఎండిన ఎర్రమట్టి గడ్డను, ఒక మొరం గులకను రెండు గాజు గ్లాసుల నీళ్లలో వేసి మరునాటి దాకా ఉంచండి. మట్టి గడ్డ విడిపోయి అడుగున పరుచుకుంటుంది. గులక వేసినట్టే ఉంటుంది. రెండింటి రంగూ ఒకటే. కానీ ఒకటి ఇంకా నేల, రెండోది ఇక రాయే.