రెండో కాన్పు: నొప్పులు ఎప్పుడు మొదలవుతాయి?

విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ వెళ్లే రైలు మార్గం 1931లో పూర్తయింది. రైల్వే కొలువులతో, ఆ తర్వాత పరిశ్రమల్లో పనులతో అటు వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఛత్తీస్‌గఢ్ రాజధానిలో నేటికీ ఉన్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన వైపు ఆనవాయితీ. రెండోసారికి అది సడలిపోతుంది. పెద్దబిడ్డకు బడి ఉంటుంది, భర్తకు సెలవు దొరకదు. దాంతో కూతురు పుట్టింటికి రావడం మాని, తల్లే రైలెక్కి కూతురి దగ్గరికి వెళ్తుంది. ఇక్కడే చిక్కు వస్తుంది. సమతా ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు ఏ తేదీకి తీసుకోవాలి? డాక్టరు చెప్పిన రోజుకు వారం ముందా, మూడు వారాల ముందా? మలిచూలు తొందరగా వస్తుందని ఒకరంటారు, మొదటిది ఎలా జరిగితే రెండోదీ అలాగేనని ఇంకొకరంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది.

ఆ తేదీ ఎలా వచ్చింది?

ఆసుపత్రి కార్డు మీద రాసే డెలివరీ డేట్ వెనక ఉన్న లెక్క చిన్నదే. చివరి నెలసరి మొదలైన రోజుకు ఏడు రోజులు కలిపి, అక్కడి నుంచి మూడు నెలలు వెనక్కి లెక్కపెట్టి, ఏడాది ముందుకు జరుపుతారు. మొత్తం 280 రోజులు, అంటే 40 వారాలు. జర్మన్ ప్రసూతి వైద్యుడు ఫ్రాంజ్ నేగెలె పేరుతో 19వ శతాబ్దంలో ఈ సూత్రం వాడుకలోకి వచ్చింది. నెలసరి సరిగ్గా 28 రోజులకోసారి వస్తుందనీ, 14వ రోజున అండం విడుదలవుతుందనీ ఇందులో ఒక ఊహ దాగి ఉంది. అది ఎందరి విషయంలో నిజమో ఏ ఇంట్లో ఆడవాళ్లనడిగినా చెబుతారు.

సరిగ్గా ఆ రోజే పుట్టే పిల్లలు నూటికి ఐదుగురు కూడా ఉండరు. బోస్టన్‌లో చేసిన అధ్యయనం ఒకటి 1990లో వెలువడింది. ఏ సమస్యా లేని గర్భాలను తీసుకుని చూస్తే తొలి కాన్పులు నేగెలె తేదీకి సగటున ఎనిమిది రోజులు ఆలస్యంగా, తర్వాతి కాన్పులు మూడు రోజులు ఆలస్యంగా జరిగాయి. మలిచూలు ముందే వస్తుందన్న నానుడిలో ఉన్న నిజం ఈ ఐదు రోజుల తేడా మాత్రమే. పైగా వాళ్లంతా తెల్లజాతి స్త్రీలు. లండన్‌లో 1,22,000కు పైగా తొలి కాన్పులను పరిశీలించి 2004లో ప్రచురించిన మరో అధ్యయనంలో ఐరోపా మూలాలున్న తల్లులకు గర్భకాలం మధ్యగత విలువ 40 వారాలుగా తేలితే, దక్షిణాసియా తల్లులకు 39 వారాలుగా తేలింది.

సగటు సంగతి అలా ఉంచితే, ఒక్కో తల్లికీ మధ్య ఉండే తేడా ఇంకా పెద్దది. అమెరికాలో 125 మంది స్త్రీల మూత్రంలోని హార్మోన్లను రోజూ కొలిచి, అండం విడుదలైన రోజును గుర్తించి, అక్కడి నుంచి కాన్పు వరకు లెక్కపెట్టారు. 2013లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను పక్కన పెట్టినా గర్భకాలంలో 37 రోజుల తేడా కనిపించింది. మొదలైన రోజు ఇంత కచ్చితంగా తెలిసినా పూర్తయ్యే రోజు ఐదు వారాల పరిధిలో ఎక్కడైనా పడవచ్చన్నమాట. అదే అధ్యయనంలో మరో విషయం బయటపడింది. ఒక స్త్రీ మిగతా గర్భాలు సగటున వారం ఎక్కువ కాలం సాగితే, ఈ గర్భం కూడా సుమారు రెండున్నర రోజులు ఎక్కువగా సాగింది. మొదటిది ఎలాగో రెండోదీ అలాగేనన్న మాటకు ఉన్న ఆధారం ఇంతే.

స్కాన్ రిపోర్టులు ఈ గందరగోళాన్ని కొంత తగ్గిస్తాయి, కొంత పెంచుతాయి. మొదటి మూడు నెలల్లో శిశువు తల నుంచి పిరుదుల వరకు పొడవు కొలిచి వేసే అంచనాలో పొరపాటు ఐదు నుంచి ఏడు రోజులకు మించదు. చివరి మూడు నెలల్లో అదే పొరపాటు మూడు వారాల దాకా వెళ్లవచ్చు. అప్పటికి పిల్లలు ఎవరి ఒడ్డూ పొడుగూ వారివిగా పెరుగుతుంటారు కదా. అందుకే మూడు స్కాన్లలో మూడు తేదీలు కనిపిస్తే మొదటి స్కాన్ తేదీనే నమ్మాలి. తొలి నెలల్లో స్కాన్ చేయించుకోని తల్లుల కోసం మద్రాస్ ఐఐటీ, ఫరీదాబాద్‌లోని ట్రాన్స్‌లేషనల్ హెల్త్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు భారతీయ గర్భిణుల సమాచారంతో ‘గర్భిణి-జీఏ2’ అనే నమూనాను రూపొందించి 2024లో ప్రకటించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న సూత్రాలు పాశ్చాత్య శిశువుల కొలతల మీద కట్టినవి. వాటితో పోలిస్తే పొరపాటు దాదాపు మూడు రెట్లు తగ్గిందని ఆ బృందం తెలిపింది.

గంట కొట్టేదెవరు?

నొప్పులు మొదలుపెట్టేది తల్లా, బిడ్డా? గొర్రెల విషయంలో జవాబు తేలిపోయింది. న్యూజిలాండ్ వైద్యుడు గ్రాహం లిగ్గిన్స్ 1960లలో కడుపులోని గొర్రెపిల్ల పీయూష గ్రంథిని నాశనం చేసి చూశారు. గడువు దాటినా తల్లి ఈనలేదు. గర్భంలోని పిల్లకు కార్టిసాల్ వంటి హార్మోన్లు ఎక్కిస్తే గడువుకు ముందే ఈనింది. అంటే గొర్రెల్లో గంట కొట్టేది పిల్లే. అలా ముందుగా పుట్టిన పిల్లల ఊపిరితిత్తులు అనుకున్న దానికంటే బాగా పనిచేయడం లిగ్గిన్స్ కంటపడింది. నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉన్న తల్లులకు ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ అక్కడి నుంచే వచ్చింది. రాస్ హౌవీతో కలిసి ఆయన ఆ ఫలితాలను 1972లో ప్రచురించారు.

మనుషుల్లో కథ ఇంత సూటిగా లేదు. గర్భాశయాన్ని నెలల తరబడి ప్రశాంతంగా ఉంచే ప్రొజెస్టిరాన్ గొర్రె రక్తంలో కాన్పుకు ముందు పడిపోతుంది. స్త్రీ రక్తంలో మాయ బయటపడేదాకా పడిపోదు. హార్మోను ఉంటుంది కానీ, దాన్ని అందుకునే గ్రాహకాల తీరు మారి కండరం దాని మాట వినడం మానేస్తుందని ప్రస్తుత అవగాహన. ఇంకో ఆధారం మాయ నుంచి వస్తుంది. ఆస్ట్రేలియాలో రోజర్ స్మిత్ బృందం 1995లో మాయ విడుదల చేసే సీఆర్‌హెచ్ అనే హార్మోను పెరిగే వేగాన్ని గర్భం మధ్యలోనే కొలిచింది. ముందుగా కాన్పయ్యే వారిలో, సమయానికి అయ్యే వారిలో, ఆలస్యమయ్యే వారిలో ఆ వేగం వేర్వేరుగా ఉంది. దానికి వారు ‘మాయ గడియారం’ అని పేరు పెట్టారు. ఆ గడియారం చూసి ఒక తల్లికి ఫలానా రోజు అని చెప్పగలిగే పరీక్ష మాత్రం ఇప్పటికీ రాలేదు.

నాయకుడు లేని చప్పట్లు

గుండెలో ఒక చిన్న కణాల గుంపు తాళం వేస్తుంది, మిగతా గుండె అంతా దాన్ని అనుసరిస్తుంది. కోలాటంలో గురువు వేసే దరువులాంటిది అది. గర్భాశయంలో అలాంటి స్థిరమైన గురువును ఎవరూ కనుక్కోలేకపోయారు. అయినా కాన్పు సమయానికి లెక్కలేనన్ని కండర కణాలు ఒకేసారి బిగుసుకుని ఒకేసారి సడలుతాయి. ఇది భౌతికశాస్త్రం ఇష్టపడే చిక్కుముడి. సభలో చప్పట్లు మొదట చిందరవందరగా ఉండి, ఎవరూ చెప్పకుండానే కొంతసేపటికి ఒక లయలో పడటం చాలామంది గమనించే ఉంటారు. పక్కవారి చప్పుడు ఎంత బాగా వినిపిస్తే ఆ కలయిక అంత త్వరగా వస్తుంది.

గర్భాశయ కణాలకు పక్కవారి చప్పుడు వినిపించేది గ్యాప్ జంక్షన్లనే సన్నని ద్వారాల ద్వారా. కనెక్సిన్-43 అనే ప్రోటీన్‌తో తయారయ్యే ఈ ద్వారాలు గర్భకాలమంతా తక్కువగా ఉండి, కాన్పు దగ్గరపడే కొద్దీ బాగా పెరుగుతాయి. చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్‌కు చెందిన రాజీవ్ సింగ్, సితాభ్ర సిన్హా ఫ్రాన్స్ శాస్త్రవేత్తలతో కలిసి ఈ ప్రక్రియను గణిత నమూనాగా మలిచి 2012లో ‘ఫిజికల్ రివ్యూ లెటర్స్’లో ప్రచురించారు. వారి నమూనాలో ఏ కణమూ తనంతట తాను స్పందించదు. కణాల మధ్య అనుసంధానం పెంచుతూ పోతే ముందు అక్కడక్కడ చిన్న గుంపులు వేర్వేరు లయల్లో స్పందిస్తాయి. ఇంకా పెంచితే గుంపులు కలిసిపోయి మొత్తం ఒకే లయకు వస్తుంది. తాళం వేసేవారి అవసరమే రాలేదు.

దొంగ నొప్పులను ఈ చిత్రంతో పోల్చి చూస్తే బాగా అర్థమవుతుంది. ఇంగ్లండ్ వైద్యుడు జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ 1872లో వర్ణించిన ఈ నొప్పులు వస్తాయి, పొట్ట గట్టిపడుతుంది, నడిస్తేనో పడుకుంటేనో తగ్గిపోతాయి. క్రమం ఉండదు. అనుసంధానం ఇంకా పూర్తికాని కండరం అక్కడక్కడా బిగుసుకోవడం లాంటిదన్నమాట. అసలు నొప్పుల మధ్య వ్యవధి తగ్గుతూ పోతుంది, తీవ్రత పెరుగుతూ పోతుంది, భంగిమ మార్చినా ఆగవు.

రెండోసారి తేడా ఎక్కడ?

దొంగ నొప్పులు రెండోసారి ముందుగానే, ఎక్కువగా తెలుస్తాయి. అందుకే మలిచూలు తల్లులు ఆసుపత్రికి వెళ్లి తిరిగి ఇంటికి రావడం మామూలే. తొలి కాన్పులో బిడ్డ తల చాలాసార్లు కాన్పుకు కొన్ని వారాల ముందే కటిలోకి దిగుతుంది. రెండోసారి నొప్పులు మొదలయ్యేదాకా దిగకపోవచ్చు. “తల ఇంకా దిగలేదు, కాబట్టి ఇంకా టైముంది” అని ధైర్యంగా కూర్చోవడం మలిచూలులో పనికిరాదు. గర్భాశయ ముఖద్వారం తీరూ వేరే. మొదటిసారి అది ముందు పలచబడి, తర్వాత తెరుచుకుంటుంది. రెండోసారి రెండూ కలిసి జరుగుతాయి. రెండు మూడు సెంటీమీటర్లు తెరుచుకుని కూడా నొప్పుల్లేకుండా వారాలు గడిచిపోవచ్చు. ఆ కొలత విని కంగారు పడనక్కర్లేదు.

అసలు తేడా నొప్పులు మొదలయ్యాక కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల ప్రకారం ముఖద్వారం ఐదు సెంటీమీటర్లు తెరుచుకున్నాక పూర్తిగా తెరుచుకోవడానికి తొలి కాన్పులో సాధారణంగా 12 గంటలకు మించదు, తర్వాతి కాన్పుల్లో 10 గంటలకు మించదు. ఇవి పై హద్దులు. చాలామందికి రెండోసారి ఇంతకంటే చాలా త్వరగా అయిపోతుంది. మొదటి కాన్పు అనుభవంతో “ఇంకా చాలాసేపు పడుతుందిలే” అనుకునే ఇంట్లోనే దారిలో కాన్పయ్యే ప్రమాదం ఎక్కువ.

ఎంతవరకు ఆగాలి?

తేదీ దాటిన తర్వాత మాయ సామర్థ్యం మెల్లగా తగ్గుతుంది, కడుపులోనే బిడ్డ చనిపోయే ముప్పు కొద్దికొద్దిగా పెరుగుతుంది. స్వీడన్‌లో 2,760 మంది తల్లులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి 41 వారాలకు నొప్పులు తెప్పించారు, రెండో వర్గాన్ని 42 వారాల దాకా ఆగమన్నారు. ఆగిన వర్గంలో ఆరుగురు శిశువులు చనిపోయారు, మొదటి వర్గంలో ఒక్కరూ లేరు. అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. ఈ సమాచారాన్ని నెదర్లాండ్స్ అధ్యయనంతో కలిపి 2020లో విశ్లేషించినప్పుడు, త్వరగా నొప్పులు తెప్పించడం వల్ల మేలు తొలి కాన్పు తల్లుల్లోనే కనిపించింది. ఇది రెండోసారి తల్లులకు కొంత ఊరట. కానీ మరో లెక్కా ఉంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2017లో చూపినట్లు, అక్కడ స్థిరపడిన దక్షిణాసియా తల్లుల్లో 39 వారాలకే ఉన్న ముప్పు, ఆస్ట్రేలియాలో పుట్టిన తల్లుల్లో 41 వారాలకు ఉన్న ముప్పుతో సమానం. 41 వారాలు నిండితే నొప్పులు తెప్పించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. బీపీ, షుగర్, బిడ్డ ఎదుగుదల లోపం ఉంటే అంతకు ముందే నిర్ణయం తీసుకుంటారు.

ఈ రోజుల్లో క్యాలెండర్ కంటే నమ్మకమైన సూచిక బిడ్డ కదలిక. కాన్పు దగ్గరపడితే బిడ్డ నెమ్మదిస్తుందని పెద్దలు చెప్పే మాట తప్పు. కదలిక తీరు మారవచ్చు, తగ్గకూడదు. తగ్గినట్లు అనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే వెళ్లాలి.

మొదటిది సిజేరియన్ అయితే లెక్కలన్నీ మారతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సిజేరియన్లు ఛత్తీస్‌గఢ్‌లో 15.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. కాబట్టి తొలి కాన్పు పుట్టింట్లో చేసుకుని రాయ్‌పూర్‌కు తిరిగొచ్చిన తెలుగు తల్లికి పాత కుట్లు ఉండే అవకాశం అక్కడి పొరుగింటావిడ కంటే చాలా ఎక్కువ. నొప్పులు వాటంతట అవే మొదలైతే పాత కుట్టు చిట్లే ముప్పు సుమారు 200 మందిలో ఒకరికి. మందులతో తెప్పిస్తే అది రెండు మూడు రెట్లవుతుంది. ఇలాంటి తల్లి అత్యవసర ఆపరేషన్, రక్తం అందుబాటులో ఉన్న చోటే ఉండాలి. పాత ఆపరేషన్ కాగితాలు సూట్‌కేసులో మొదట పెట్టాల్సిన వస్తువు.

ఇక ఆముదం. మన ఇళ్లలో దీన్ని తాగిస్తే నొప్పులొస్తాయన్న నమ్మకం ఉత్తదేం కాదు. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం పేగులను, గర్భాశయాన్ని ఒకే గ్రాహకం ద్వారా బిగుసుకునేలా చేస్తుందని జర్మనీలోని మాక్స్ ప్లాంక్ శాస్త్రవేత్తలు 2012లో ఎలుకల్లో నిరూపించారు. పనిచేస్తుంది కాబట్టే ఇంట్లో తాగించకూడదు. విరేచనాలతో తల్లి నీరసించిపోతుంది, బిగింపు ఎంత ఉండాలో ఎవరి అదుపులోనూ ఉండదు, పాత కుట్లుంటే అది నేరుగా ప్రమాదం.

రాయ్‌పూర్ నగరంలో ఉన్నవారికి ఎయిమ్స్, అంబేడ్కర్ ఆసుపత్రి దగ్గరే. జిల్లాల్లో పరిస్థితి వేరు. ఛత్తీస్‌గఢ్ 2002లో మొదలుపెట్టిన మితానిన్ కార్యకర్తల వ్యవస్థ తర్వాత దేశమంతా వచ్చిన ఆశా కార్యకర్తలకు దారి చూపింది. అక్కడి భాషలో మితానిన్ అంటే స్నేహితురాలు. 102కు ఫోన్ చేస్తే మహతారీ ఎక్స్‌ప్రెస్ వాహనం ఉచితంగా వస్తుంది. వాహనం వెళ్లలేని కొండ ఊళ్లకు ఇంకో ఉపాయం ఉంది. అదే రైలు మార్గంలో ఇటు చివర, పార్వతీపురం ఐటీడీఏ పరిధిలోని సాలూరులో గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం నడిపారు. కొండ మీది తల్లులు నెలలు నిండే ముందే దిగివచ్చి ఆసుపత్రికి దగ్గరగా ఉండేవారు. నగరంలో మలిచూలు తల్లి పాటించగలిగేదీ ఇదే: నొప్పులు ఒక క్రమంలో పడగానే, మొదటిసారి ఆగినంతసేపు ఆగకుండా బయలుదేరడం. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, తల పగిలిపోయేంత నొప్పితో చూపు మసకబారినా నొప్పుల కోసం చూడకుండానే వెళ్లాలి. ఉమ్మనీరు ఆకుపచ్చగా ఉంటే ఆ సంగతి లేబర్ రూమ్‌లో అడుగుపెట్టగానే చెప్పాలి.