ప్రేమ నవల తయారయ్యేదెలా?



సెలవుల్లో మనం ఇంటికి తీసుకెళ్ళిన ప్రేమ నవలను మనకంటే ముందు అమ్మ చదివేస్తుంది. అది ఎలా తయారవుతుందో చూద్దాం.

యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ మొదట ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. తర్వాత పుస్తకమైంది, 1976లో సినిమా అయింది. ఆలోచన చిన్నదే: ఉద్యోగం చేసుకుని బతికే అమ్మాయి, డబ్బున్న యజమాని. ఇద్దరి మధ్య అడ్డంకి బలంగా ఉంటేనే కథ నడుస్తుంది. జయంతికి అడ్డు ఆమె ఆత్మాభిమానమే! మన విశాఖ కథలకు అడ్డంకులు వెతకనక్కరలేదు. కులం ఉంది, ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన నిర్వాసితుల ఇల్లు ఉంది. హీరోకి కారు ఉండి తీరాలని ఎవరన్నారు?

ఒకప్పుడు కాగితానికి ఒకవైపే రాసి పంపేవారు. ఇప్పుడు టైపు చేసిన ప్రతినే ఎక్కువగా అడుగుతున్నారు. నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఆపై డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం, అచ్చు. ఐ.ఎస్.బి.ఎన్. నంబరు మన దేశంలో ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది.

ఒప్పందం చదవకుండా మాత్రం సంతకం పెట్టవద్దు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం హక్కు మొదట రచయితదే. మరణానంతరం 60 ఏళ్ళు వారసులకు ఉంటుంది. రాసిచ్చిన పత్రంలో గడువు లేకపోతే అది 5 ఏళ్ళే చెల్లుతుంది. “సర్వహక్కులూ” అన్న మాట కనిపిస్తే, సినిమా హక్కు కూడా అందులోనే పోతోందా అని అడగండి.